పడక గుమాస్తా

మా మామయ్య నిలబడి నమ్మిన బండి ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. స్కూటరైనా, పద్నాలుగు చక్రాల లారీ అయినా సరే, దాని కింద వెల్లకిలా పడుకుని, పొట్ట పొడుగూతా పరకాయించి చూసి, లేచి ఒళ్లు దులుపుకుంటే తప్ప ఆయన దాన్ని బండి అని ఒప్పుకునేవాడు కాదు.

ఇది ఉత్త సరదా అయితే పోనీలే అనుకుందుం. ఉద్యోగమూ అదే కావడం జనం చేసుకున్న ఖర్మ. ఆయన వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో మూడో కిటికీ గుమాస్తా. బండి కొత్తగా కొన్నా, పాతది ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మారినా మూడో కిటికీ దాటకుండా పని జరగదు. అక్కడ పనేమిటంటారా? ప్రతి బండికీ ఇనుప చట్రం మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. ఛాసిస్ నంబరంటారు. ఒక్కో బండికి ఒక్కో చోట ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. కాగితాల్లో రాసిన నంబరూ ఈ అచ్చూ ఒకటేనని చూసి, అచ్చును ఫైల్లో అంటించి సంతకం పెట్టాలి. అంతే. చెయ్యి తిరిగినవాడికి రెండు నిమిషాల పని. మా మామయ్యకి ఇరవై నిమిషాలు పట్టేది.

"సార్, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా!" అనేవారు కిటికీ అవతలివాళ్లు.

"కాగితం సంగతి సరే. ఇనుమేమంటోంది?" అనేవాడు మామయ్య. అని, బల్ల కింద నుంచి తన సంచీ తీసేవాడు. అందులో చుట్టిన గోనెపట్టా, టార్చిలైటు, పెన్సిలు ముక్క, అరిగిపోయిన పళ్లబ్రష్షు, పాతగుడ్డలో చుట్టిన ఇంకేదో ఉండేవి. ఆవరణలోకి వెళ్లి పట్టా పరిచి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, బండి కిందికి జారిపోయేవాడు. ఇక బయట కనబడేవి ఆయన చెప్పులు రెండే. లోపలినుంచి టకటకమని చప్పుళ్లూ, "ఊఁ... ఊఁ... అలాగా!" అంటూ బండితో కబుర్లూ వినబడేవి. ఆఫీసులో అందరూ ఆయన్ని పడక గుమాస్తా అనేవారు. ఆయన ఎదుటే అనేవారు. ఆయన "ఆఁ" అని పలికేవాడు కూడా.

ఈ ఇనుము మాట ఆఫీసు గుమ్మం దగ్గర ఆగితే నేనింత దూరం చెప్పను. నాకు ఇదే ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ సంబరపడిపోతూ ఆర్డరు కాగితం తెచ్చి వాళ్లన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "కాగితం సంగతి సరే. ఇనుమేమంటోంది?" అన్నాడు.

"ఇనుమేమిటన్నయ్యా, అది నా కూతురు!" అని అమ్మ గయ్యిమంది.

అమ్మ కోపానికి ఇంకో కారణం ఉంది. మా ఇంట్లో ఫోటోల పుస్తకం ఆవిడ సొత్తు. అందులో మా పెద్దక్క పెళ్లి ఫోటో ఒకటుంది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, చుట్టూ ఇద్దరి తరఫు చుట్టాలు, వెనక పూలదండలు కట్టిన కారు. అందరూ ఉన్నారు, మామయ్య లేడు. ఎక్కడా అని జాగ్రత్తగా చూస్తే కారు కింద రెండు చెప్పులు! మా చిన్నక్క పెళ్లి ఫోటోలోనూ అంతే. నాన్న కొత్త స్కూటరు కొన్ననాటి ఫోటోలో అయితే, స్కూటరు కింద మనిషి పట్టడు కాబట్టి, తల ఒకవైపూ చెప్పులు ఒకవైపూ పడ్డాయి. "మా అన్నయ్య మొహం ఎలా ఉంటుందో రేపు మనవలకి తెలియదు. అరికాళ్లు మాత్రం గుర్తుపడతారు" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించి వాపోయేది.

అమ్మ బాధ ఫోటోలతో సరి. అత్తయ్యది రోజూ ఉండే బాధ. మామయ్య తెల్లచొక్కాలే వేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందు పెళ్లికొడుకు, వెనక బొగ్గుల కొట్టు.

"నల్లచొక్కా వేసుకుని ఏడవచ్చుగా?" అనేది అత్తయ్య.

"నల్లచొక్కా మీద మురికి తెలియదే. తెలియకపోతే నువ్వు ఉతకవు" అనేవాడు. అత్తయ్య సబ్బు కోసం చెయ్యి చాపేది.

నేను నాలుగో కిటికీలో చేరాను. నాది ఉత్త కాగితం పని. మూడో కిటికీ నుంచి వచ్చిన ఫైలు చూసి, రిజిస్ట్రేషన్ పత్రం అచ్చువేసి ఇస్తాను. బండి మొహం చూడనక్కర్లేదు. చేరిన వారానికే నాకు ఆయన రెండో తిక్క తెలిసింది. పది బండ్లలో ఒకదాని కింద నుంచి లేచి, మొహం అదోలా పెట్టి, "నంబరు మసగ్గా ఉంది. ఎదురు షెడ్డులో తోమించుకుని రేపు తీసుకురా" అనేవాడు. షెడ్డు మేస్త్రీకి ఒక చీటీ కూడా రాసిచ్చేవాడు. ఎదురు షెడ్డు మేస్త్రీ తప్ప ఇంకెవరు తోమినా ఒప్పుకునేవాడు కాదు.

జనం నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఇద్దరికీ ఏదో లోపాయికారీ ఉందని గొణిగినవాళ్లూ ఉన్నారు. మా మామయ్యని అలా అంటే నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఏమని అడ్డుపడను? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

చివరికి కళ్లు మసకలేమోనని అత్తయ్యా నేనూ ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాం. గోడ మీద అక్షరాల అట్ట ఉంది. మామయ్య కళ్లజోడు లేకుండానే పై వరసనుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు. డాక్టరు "చాలండీ" అనబోతుంటే, అట్ట చివరన చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరూ, వీధీ, ఫోన్ నంబరూ కూడా చదివి వినిపించాడు. డాక్టరు లేచి వెళ్లి దగ్గర్నుంచి చూసుకున్నాడు, నిజమే.

"మరి నంబర్లు మసగ్గా ఎందుకు కనబడతాయి మామయ్యా?" అన్నాను బయటికొచ్చాక.

"ఇది అట్ట, అమ్మడూ. అది ఇనుము" అన్నాడు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మూడు గంటలప్పుడు ఒకావిడ పసుపురంగు పాత వ్యాను తెచ్చి ఆవరణలో పెట్టింది. నలభై ఏళ్లుంటాయి. పదకొండేళ్లుగా ఎవరెవరివో బండ్లు నడిపి, ఇన్నాళ్లకి సొంతానికి ఈ వ్యాను కొనుక్కుంది. ఆ ముందురోజే చేతికొచ్చిందట. సోమవారం నుంచి పదహారుమంది పిల్లల్ని బడికి తీసుకెళ్లాలి. బడివాళ్లు ఇచ్చిన ఉత్తరం కిటికీలోంచి నాకు చూపించింది. వ్యాను ఆవిడ పేరు మీదికి మారినట్టు పత్రం శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపు చూపించకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారని అందులో ఉంది.

"అన్ని కాగితాలూ ఉన్నాయమ్మా. ఇన్స్పెక్టరుగారి సంతకం కూడా అయింది" అంది.

ఇన్స్పెక్టరుగారి సంతకం గురించి ఒక మాట చెప్పాలి. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా లేదా తేల్చేది ఆయన. కుర్చీలోంచి లేవకుండా కిటికీ తెరిచి, "హారన్ కొట్టు" అనేవాడు. మోగితే పనికొచ్చినట్టే. రెండుసార్లు మోగితే మరీ మంచిది.

మామయ్య సంచీ తీసుకుని వెళ్లాడు, పట్టా పరిచాడు, జారిపోయాడు. చెప్పులు రెండూ అరగంట బయటే ఉన్నాయి. వ్యానావిడ చేతులు నలుపుకుంటూ ఆ చెప్పుల చుట్టూ తిరిగింది. ఆఖరికి ఆయన లేచి, వీపు దులుపుకుని, మొహం అదోలా పెట్టాడు. ఆ మొహం నాకు తెలుసు.

"నంబరు మసగ్గా ఉంది. షెడ్డులో తోమించుకుని..."

"అయ్యా, రేపు పన్నెండింటికల్లా పత్రం చూపించాలి! నా పదకొండేళ్ల కష్టం!"

"తోమించుకుని పొద్దున్నే తీసుకురామ్మా. ఈలోగా ఎవరూ దాన్ని నడపద్దు. మేస్త్రీ మనుషులు వచ్చి తోసుకెళతారు."

"మీకూ ఆడపిల్లలు ఉంటారు కదయ్యా" అని ఆవిడ మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

నేనిక ఆగలేకపోయాను. "మామయ్యా! కళ్లు బాగున్నాయని డాక్టరే చెప్పాడు. ఆ రెండు నిమిషాల పనికి ఆవిడ నోటి దగ్గర కూడు లాగేస్తావా? రేపు మధ్యాహ్నం దాకానే కదా ఆఫీసు! ఏదైనా అడ్డం పడితే?"

"నంబరు మసగ్గా ఉంది అమ్మడూ" అన్నాడు. నా మొహం చూడకుండా, చీటీ రాసుకుంటూ రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! మూడో కిటికీ మనిషి సీట్లో లేకపోతే నాలుగో కిటికీ సంతకం చెల్లుతుంది. నేనే అచ్చు తీసి పడేస్తే పీడా పోతుంది కదా అని, పెన్సిలూ కాగితమూ పట్టుకుని విసవిసా ఆవరణలోకి నడిచాను.

"అమ్మా, నంబరు ఎక్కడుందో కాస్త చూపించు" అన్నాను వ్యానావిడతో. ఆవిడ కళ్లు తుడుచుకుని లేచి, డ్రైవరు పక్క తలుపు తీసింది. సీటు కింది చట్రం మీద, మోకాలెత్తున, నంబరు నిన్న కొట్టినంత నిగనిగలాడుతోంది. నిలబడి, కళ్లజోడు లేకుండా, వీధి అవతలి నుంచైనా చదవచ్చు.

నంబరు ఇక్కడుంటే మా మామయ్య అరగంటసేపు కింద ఏం చదివినట్టు?

గోనెపట్టా ఇంకా అక్కడే పరిచి ఉంది. అటూ ఇటూ చూశాను. ఇన్స్పెక్టరుగారి కిటికీ మూసి ఉంది. మంచి బట్టలే వేసుకున్నాను, అయినా సరే అనుకుని వెల్లకిలా పడుకుని కిందికి జరిగాను. మొదట కళ్లల్లో మట్టి పడింది. తర్వాత చీకటి అలవాటైంది. అప్పుడు కనబడ్డాయి, సుద్దముక్కతో గీసిన మూడు గుండ్రాలు. ఒక గుండ్రంలో తుప్పు తినేసిన మర. ఇంకోదాంట్లో కొత్తగా బిగించిన మర, దాని చుట్టూ పానా జారిన గీతలు. సంచీలో గుడ్డలో చుట్టి ఉండేది ఏమిటో అప్పుడర్థమైంది. మూడో గుండ్రం ఉన్నది వెనక చక్రం దగ్గర. అక్కడ సన్నటి బ్రేకు గొట్టం ఒక రేకుకి ఒరుసుకుని ఒరుసుకుని ఉల్లిపొరలా అరిగిపోయింది. వేలుపెట్టి చూస్తే నూనె తడి తగిలింది.

"ఏముందమ్మా కింద?" అంది వ్యానావిడ.

"నువ్వే వచ్చి చూడు" అన్నాను. ఆవిడ కూడా పాక్కుంటూ వచ్చింది. పదకొండేళ్లు బండి నడిపిన మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు. గొట్టం మీద వేలు పెట్టి తడి చూసుకుంది. "తొక్కితే బాగానే పట్టిందమ్మా నిన్న. ఇది ఎప్పుడో ఒకరోజు, పల్లంలోకి దిగుతుంటే, ఫట్టుమని..." అని ఆపి, "పదహారుమంది పిల్లలమ్మా" అంది. ఇద్దరం అక్కడే పడుకుని ఆ గొట్టాన్ని చూశాం. నాకు మామయ్య మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని బదులు సిగ్గేసింది.

రోడ్డు దాటి షెడ్డుకి వెళ్లాను. మామయ్య అప్పటికే వెనక దారిన ఎటో వెళ్లాడు. మేస్త్రీ సామాన్ల పెట్టె వెతుకుతున్నాడు.

"ఏం మేస్త్రీ, ఈ వ్యాను నంబరు తోమడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"కొత్త గొట్టం దొరికేదాకానమ్మా. మీ మామయ్య దానికోసమే బజారుకెళ్లాడు" అని, నా వీపు మీది మట్టి చూసి నవ్వాడు. "ఓహో, మీరూ చదివారా?"

గోడకి ఒక ఇనుప చువ్వ, దాని నిండా గుచ్చిన చీటీలు. అన్నీ మామయ్య రాతే. నేను పైవి నాలుగు తిరగేశాను. ముందువైపు అన్నిటికీ ఒకటే మాట, 'నంబరు తోమాలి'. వెనకవైపు మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి: 'స్టీరింగు కడ్డీ వదులు.' 'ఎడమ ముందు చక్రం, మర లేదు.' 'బ్రేకు, ముసలాయన బండి, తొందరగా.'

"ఇన్నేళ్లూ ఈ దొంగాట దేనికి? బ్రేకు బాగాలేదని నోరారా చెప్పచ్చుగా!"

"ఎలా చెబుతాడమ్మా? ఆయన గుమాస్తా. బ్రేకు మాట ఇన్స్పెక్టరుగారిది. ఆయన హారన్ విని సంతకం పెట్టాక గుమాస్తా కాదంటే ఊరుకుంటాడా? ఫైలు పైకెళ్తుంది, బండి ఆవరణలోనే తుప్పుపడుతుంది. కొన్నవాడు బికారి అవుతాడు. నంబరు మసగ్గా ఉందనడం ఒక్కటే మీ మామయ్య పెన్సిలుకున్న అధికారం. దాన్ని ఎవడూ కాదనలేడు."

"మరి ఈ పనికి మీకు డబ్బులు..."

"నా చేతి పనికి నా కూలి నాది. రెండో మనిషి కూలి పడకుండా పొద్దున్నే ఆయనే వచ్చి నా పక్కన పడుకుంటాడు. లేకపోతే పాత బండి కొనుక్కున్నవాళ్లు ఏం తట్టుకుంటారు?" అన్నాడు మేస్త్రీ.

ఇంటికెళ్తూ అత్తయ్య దగ్గర ఆగి, గొప్ప రహస్యం బయటపెడుతున్నట్టు చెప్పాను. అత్తయ్య చొక్కా పిండుతూ నన్ను ఎగాదిగా చూసింది. "నంబరు చదివితే దుమ్ము అంటుకుంటుందే. మోచేతుల దాకా గ్రీజు అంటుకుంటుందా? ముప్పై ఏళ్లు ఉతికినదానికి తెలియదా?" అంది. "నీ బట్టలు కూడా మార్చుకుని ఇక్కడ పడెయ్."

మర్నాడు పొద్దున్న ఆరింటికి షెడ్డుకి వెళ్లాను. వ్యాను కింద నాలుగు కాళ్లు కనబడుతున్నాయి. మామయ్యవీ మేస్త్రీవీ. వ్యానావిడ పక్కన నిలబడి పానాలు అందిస్తోంది. నేను టార్చి తీసుకుని కిందికి దూరాను.

మామయ్య నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "బట్టలు పాడవుతాయే!"

"అత్తయ్య ఉతుకుతానంది. మామయ్యా, నంబరు సీటు కింద ఉంది."

"అవునా!" అన్నాడు మామయ్య గొట్టం బిగిస్తూ. "ముప్పై ఏళ్లనుంచి ఒక్కరూ చెప్పలేదే!"

నాకు నవ్వాగలేదు. మేస్త్రీకీ ఆగలేదు. నవ్వులు తగ్గాక, నేను టార్చి అటు పట్టి, "ఎందుకు మామయ్యా నీకీ అవస్థ?" అని అడిగాను.

"అవస్థేముందే? కాగితం ఎక్కి ఎవరూ తిరగరు. ఇనుమెక్కి తిరుగుతారు" అన్నాడు. "కాస్త ఎడమకి పట్టు, కళ్లల్లోకి కాదు."

పదకొండున్నరకి వ్యాను ఆవరణలోకి వచ్చింది. వ్యానావిడ బ్రేకు తొక్కిన చోట గీత గీసినట్టు ఆగింది. ఇన్స్పెక్టరుగారు కిటికీ తెరిచి చూసి, "ఏమయ్యా పడక గుమాస్తా, నిన్న కనబడని నంబరు ఇవాళ కనబడిందా?" అన్నాడు వెటకారంగా.

"తోమితే మెరవని ఇనుముంటుందాండీ" అన్నాడు మామయ్య వినయంగా. అచ్చు తీశాడు, రెండు నిమిషాల్లో, నిలబడి! నేను చూడ్డం అదే మొదటిసారి. ఫైలు నా కిటికీకి వచ్చింది. నేను పత్రం అచ్చువేసేసరికి పదకొండు ముప్పావు. సిరా ఆరకుండానే వ్యానావిడ దాన్ని పట్టుకుని వ్యాను దగ్గరికి పరుగెత్తింది. బడి రెండు వీధుల అవతలే. పన్నెండు కొట్టడానికి రెండు నిమిషాలుందనగా అటునుంచి వ్యాను హారన్ మోగింది, రెండుసార్లు. మామయ్య గడియారం వైపు చూసి, సంచీ సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ముక్కు తుడుచుకున్నాడు. ముక్కు నల్లగా అయింది.

ఇదంతా జరిగి ఐదేళ్లయింది. పోయినేడు మామయ్య రిటైరయ్యాడు. ఇప్పుడు మూడో కిటికీ నాది. గోనెపట్టా, టార్చీ, పళ్లబ్రష్షూ, గుడ్డలో చుట్టిన పానా అప్పగింతల్లో నాకు వచ్చాయి. జనం నన్ను కూడా తిట్టుకుంటున్నారు, ఆ మేనమామకు తగ్గ మేనకోడలేనని.

రిటైరైన రోజు ఆవరణలో ఆఫీసంతా నిలబడి ఫోటో తీయించుకున్నాం. వ్యానావిడ తన పసుపు వ్యాను తుడిచి తెచ్చి వెనక పెట్టింది. ఆ ఫోటో అమ్మ పుస్తకంలో ఆఖరి పేజీలో ఉంది. ఇన్స్పెక్టరుగారు మధ్యలో కుర్చీలో ఉన్నారు. మేస్త్రీ, అత్తయ్య, వ్యానావిడ, అందరూ ఉన్నారు. ఎవరి కోసమైతే ఫోటో తీయించామో ఆయన ఒక్కడూ లేడు. వ్యాను కింద ఆయన చెప్పులున్నాయి.

అమ్మ ఇప్పటికీ ఆ పేజీ దగ్గర ఆగి కళ్లజోడు పెట్టుకుంటుంది. "మా అన్నయ్య సంగతి సరే, అది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇందులో నువ్వు ఎక్కడున్నావే?" అంటుంది.

నేను వేలు పెట్టి చూపిస్తాను. ఆ చెప్పుల పక్కనే ఇంకో రెండు చెప్పులు, ఆడవాళ్లవి.